పుంగనూరు పలకడం లేదు

వాజిద్ టీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, కళ్లద్దాలు చొక్కా కొసతో తుడుచుకుని, మళ్లీ అదే కమాండ్ కొట్టాడు. తెర మీద మూడు ఊళ్ల పేర్లు వచ్చాయి. మదనపల్లె పక్కన పచ్చ చుక్క. కుప్పం పక్కన ఎర్ర చుక్క. పుంగనూరు పక్కన కూడా ఎర్ర చుక్కే. నిన్న సాయంత్రం పుంగనూరును పచ్చగా కళ్లారా చూసుకుని, అల్లాకు శుక్రియా చెప్పుకుని ఇంటికి వెళ్లాడు. తెల్లారేసరికి అది మళ్లీ చచ్చి కూర్చుంది. నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఈ నెలలో ఇలా ఉండిపోవడం మొదటిసారి కాదు.

వాజిద్ మిషన్ ఆసుపత్రిలో కంప్యూటర్ల మనిషి. పెద్దాసుపత్రి మదనపల్లెలో ఉంది, చిన్నవి పుంగనూరులోనూ కుప్పంలోనూ. ఇదివరకు సోమల వైపు రైతు ఎవరైనా పుంగనూరులో చూపించుకుని, జబ్బు ముదిరి మదనపల్లెకు వస్తే, అతని కాగితాలు బస్సు కండక్టరు చేతిలో వెనకాల తీరిగ్గా వచ్చేవి. ఒక్కోసారి రోగి ఇంటికి వెళ్లిపోయాక వచ్చేవి. ఆ అవస్థ తీరాలని ఈ కొత్త ఏర్పాటు. మూడు ఊళ్లలో మూడు సర్వర్లు, మూడింట్లోనూ ఒకటే డేటాబేస్. ఒకచోట రాసింది మిగతా రెండు చోట్లా ఆ క్షణమే పడాలి. ఈ కట్టను క్లస్టర్ అంటారు. ఒకటి పడిపోయినా మిగతా రెండూ కలిసి పని నడిపిస్తాయి. రెండు పలక్కపోతే మాత్రం మిగిలిన ఒక్కటీ మూతి బిగించుకుంటుంది. ఒంటరిగా రాసేదానికి సాక్ష్యం ఎవరు? అందుకే ఇవాళ పొద్దున్నుంచి కౌంటర్లో జబీన్ చీటీల మీద పేర్లు రాస్తోంది. వరసలో నిలబడ్డవాళ్లు ఆమె మీద కారాలూ మిరియాలూ నూరుతున్నారు.

నిజానికి యంత్రాలు చెడలేదు. అడ్డం పడుతున్నది ఫైర్‌వాల్. ప్రతి సర్వరుకూ గుమ్మంలో ఒక కాపలావాడు ఉంటాడనుకోండి. చెప్పిన తలుపు తెరుస్తాడు, చెప్పనిదల్లా మూసి ఉంచుతాడు. డేటాబేసులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వేరే తలుపు ఉంది. పుంగనూరులో ఆ తలుపును వాజిద్ మదనపల్లెలో కూర్చునే రోజూ తెరుస్తున్నాడు. సాయంత్రం దాకా బాగుంటుంది. మర్నాడు పొద్దున ఉన్నావా అంటే సర్వర్ ఉన్నానంటుంది గానీ, ఆ తలుపు మాత్రం మూసేసి ఉంటుంది. వైరస్ అనుకున్నాడు. నెట్ ఇచ్చేవాళ్లను తిట్టాడు. ఎవరో తనంటే గిట్టక చేస్తున్నారని కూడా అనుకుని, వెంటనే తప్పు మన్నించమని అల్లాకు తౌబా చెప్పుకున్నాడు.

ఆసుపత్రి సెక్రటరీ దేవదాసు మంచివాడే. మంచివాళ్లకు కూడా ఓపిక అయిపోతుంది. నిన్న వాజిద్‌ను కూర్చోబెట్టి, నెమ్మదిగానే చెప్పాడు. ఇవాళ సాయంత్రంలోగా మూడూ కలిసి నిలబడకపోతే పని మొత్తం బెంగుళూరు కంపెనీకి అప్పగిస్తారట. బోర్డు తీర్మానం అయిపోయిందట. అప్పుడు వాజిద్ ఏం చేయాలన్నది ఆయన చెప్పలేదు, వాజిద్ అడగలేదు.

అడగడానికి ఏముంది? వాజిద్‌కు డిగ్రీ లేదు. నాన్న అలావుద్దీన్ రేడియోలు బాగుచేసేవాడు. ఆ కొట్టులో సోల్డరింగ్ పొగ పీలుస్తూ పెరిగాడు. రేడియోలు పోయాక కొట్టూ పోయింది. ఆసుపత్రిలో జనరేటరు చూడ్డానికి చేరాడు, క్రిస్మస్‌కు చర్చిలో మైకులు కట్టాడు, ఇన్వర్టర్లకు నీళ్లు పోశాడు. కంప్యూటర్లు వచ్చినప్పుడు, వైర్లు తెలిసినవాడివి కదా నువ్వే చూడు అన్నారు. చూశాడు. తెలియనిది ఎవర్నో ఒకర్ని అడిగి, ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. కొంత వచ్చింది, కొంత రాలేదు. రాలేదని పైకి చెప్పుకునే వయసు దాటిపోయింది. ఇప్పుడు ఈ వయసులో బయటికి పొమ్మంటే మళ్లీ ఏ కొట్టు తెరవాలి? వాజిద్ ఎవరితో అనకుండా రాత్రంతా నమిలింది ఈ ఒక్క ముక్కే.

భార్య దిల్షాద్ కట్టిచ్చిన అన్నం సంచిలో పెట్టుకుని పుంగనూరు బస్సెక్కాడు. మదనపల్లెను చూసుకోమని జబీన్‌కు చెప్పాడు. టమోటా పెట్టెల మధ్య కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు గానీ, బస్సు ఎప్పుడు ఆగిందో ఎప్పుడు కదిలిందో ఆయనకు తెలియలేదు.

పుంగనూరు ఆసుపత్రిలో సిస్టమ్ రూము అంటే పాత దుప్పట్ల గది. దాని తాళంచెవి ఆయా మణెమ్మ నడుముకు ఉంటుంది. వాజిద్ వస్తున్నాడని తెలిసి ఆవిడ అప్పటికే గది తుడిచి, కుర్చీ వేసి ఉంచింది. తంబళ్లపల్లె పక్క పల్లెనుంచి పడుచుగా ఉన్నప్పుడు ఒంటరిగా వచ్చిందట. అప్పుడిక్కడ ఉన్న డాక్టరు దొరసాని ఆమెను దుప్పట్లు ఉతకడానికి పెట్టుకుంది. అప్పట్నుంచీ ఈ గోడల మధ్యే ఉంది. కాన్పు గదిలో నీళ్లు కాచింది, సూదులు ఉడకబెట్టింది, శవాలకు స్నానం చేయించింది. ఊళ్లో సగం మందిని పుట్టినప్పుడు ఎత్తుకుంది, వాళ్లలో ఒక్కరికీ ఆమె ఇంటిపేరు తెలియదు. వాజిద్ మాత్రం ఏం తెలుసుకున్నాడు? వచ్చినప్పుడల్లా ఆవిడ ఇచ్చిన నీళ్లు తాగి గ్లాసు తిరిగి ఇచ్చేవాడు, అంతే.

ఇవాళ కూడా నీళ్లు తాగి, సర్వర్ ముందు కూర్చుని, ఇన్నాళ్లూ తట్టని పని ఒకటి చేశాడు. ఇది ఎప్పట్నుంచి మేలుకుని ఉందో చూద్దామనుకున్నాడు. చూసి నిర్ఘాంతపోయాడు. రాత్రీ పగలూ నెలల తరబడి మేలుకుని ఉండాల్సిన యంత్రం ఇవాళ పొద్దున్నే లేచింది. పాత లెక్కలు తిరగేశాడు. నిన్నా పొద్దున్నే లేచింది, మొన్నా అంతే. రాత్రిళ్లు కరెంటు పోతోందా అని మణెమ్మను అడిగాడు.

"కరెంటు యాడ పోయిందప్పా?" అంది మణెమ్మ. "పొద్దన్నే నేనే గదా వచ్చి ఏస్తాండాను."

"ఏస్తాండావా? మరి ఆపేదెవరు?"

"నేనే. పార్థన గంటకు ముందర గది ఊడ్సి, మెయిను ఆపేసి తాళం ఏస్తా. ఖాళీ గదిలో కరెంటు కాలితే దొరసాని ఊరుకుంటాదా?"

ఆ దొరసాని కన్నుమూసి ఎన్ని కాలాలైందో. ఆవిడ పెట్టిన నియమం ఒకటుంది, గదిలోంచి ఆఖరున వచ్చేవాళ్లు మెయిన్ ఆపి రావాలని. దాన్ని డాక్టర్లు మరిచారు, నర్సులు మరిచారు, మణెమ్మ ఒక్కతే మరవలేదు. ఒక్క సాయంత్రమైనా తప్పలేదు. మెయిన్ ఆపగానే కింద ఉన్న యూపీఎస్ బ్యాటరీ పెట్టె కుయ్యోమని అరుస్తుందని, పసిబిడ్డ ఏడ్చినట్టు ఉంటుందని, గుండీ నొక్కిపట్టుకుంటే కాసేపటికి నిద్రపోతుందని కూడా ముచ్చటగా చెప్పింది. పొద్దున అందరికంటే ముందు వచ్చి మళ్లీ వేసేది కూడా ఆవిడే గనక, ఆ యంత్రం నిద్రపోవడం ఎవరి కంటా పడలేదు.

నెల రోజుల తిట్లు, నిద్రలేని రాత్రులు, బోర్డు తీర్మానం, అంతా ఈ నడుముకున్న తాళంచెవిలోనా? ముందు నవ్వు రాబోయింది. నవ్వు రాలేదు, కోపం వచ్చింది.

"ఎవరు సెప్పినారమ్మా నీకు దీన్ని ఆపమని?" అన్నాడు. "నా ఉద్యోగం పోతాండాది. నీ చేతులారా తీస్తాండావు."

మణెమ్మ బిక్కచచ్చిపోయింది. ఇది ఆగితే ఏమవుతుందని అడిగింది. వాజిద్ విసుగ్గానే చెప్పాడు. మదనపల్లె, కుప్పం దీన్ని పిలుస్తూ ఉంటాయి, ఇది పలకదు, పలక్కపోతే చచ్చినట్టే లెక్క.

"సచ్చిపోయిందని అనుకుంటాయా అవి?" అందావిడ. "అంటే రోజూ నేనే సంపినానా దీన్ని?"

ఆవిడ చెయ్యి గోడకు ఆనించుకుంది.

"పొద్దన మల్లా లేపుతాను గదప్పా. లేసినాక పలకొచ్చు గదా. యాల పలకదు?"

లేస్తుంది గానీ తలుపు మూసుకుని లేస్తుందమ్మా, అనబోయాడు వాజిద్. ఆ మాట నోటి చివరిదాకా వచ్చి ఆగిపోయింది. అవును, ఎందుకు మూసుకుని లేస్తోంది? ఫైర్‌వాల్‌కు తలుపు తెరవమని చెప్పడం ఒక పని. తెరిచింది ఎప్పటికీ గుర్తుపెట్టుకోమని చెప్పడం ఇంకో పని. మొదటిది ఆయన రోజూ చేశాడు. రెండోది ఒక్కరోజూ చేయలేదు. అందుకే ఆగి లేచిన ప్రతిసారీ ఆ కాపలావాడు నిన్న చెప్పిందంతా మరిచిపోయి తలుపు వేసేసుకుంటున్నాడు. కమాండ్‌లో ఇంకొక్క మాట కలిపి ఉంటే చాలు, మణెమ్మ రోజుకు పదిసార్లు ఆపి వేసినా పొద్దున్నే అది లేచి పలికేది.

ఆ మాట కలిపాడు. యంత్రాన్ని తనే ఆపి మళ్లీ లేపాడు. లేచింది. తలుపు తెరిచే ఉంది. పుంగనూరు పక్కన పచ్చ చుక్క పడిందని మదనపల్లె నుంచి జబీన్ ఫోన్లో అరిచినంత పని చేసింది. వాజిద్ చెవులు కాలిపోతున్నాయి. తప్పు తనది. మణెమ్మ గుమ్మం దగ్గర కింద కూర్చుని ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

సరిగ్గా అప్పుడే దేవదాసు ఫోన్ చేశాడు. ఏమిటి జబ్బు, దొరికిందా అని అడిగాడు. వాజిద్ మణెమ్మ వైపు చూశాడు, తర్వాత గోడ వైపు చూశాడు.

"ఈడ ఆయమ్మ రోజూ మెయిను ఆపేస్తాండాది సార్," అన్నాడు. "అదే. ఇప్పుడు సరిజేసినాను."

అబద్ధం కాదు. నిజమూ కాదు. దేవదాసు అవతల ఏమో గొణిగి, ఆయమ్మతో తర్వాత మాట్లాడతానన్నాడు. గదిలో చప్పుడు లేదు గనక ఆ మాట మణెమ్మకు కూడా వినిపించే ఉంటుంది.

కుప్పం బస్సుకు వేళైంది. కుప్పంలో నెట్ పెట్టె మార్చారు, అక్కడికి మనిషి వెళ్లి చేస్తే తప్ప కుదరదు. ఇవాళ సాయంత్రమే గడువు. వాజిద్ సంచి భుజాన వేసుకుని గబగబా నడుస్తుంటే మణెమ్మ గేటు దాకా వెంట వచ్చింది. ఇక ముందు ఆ గది మెయిన్ ముట్టుకోవద్దని ఆయన చెప్పాడు. ఆవిడ సరేనని తల ఊపింది.

"అప్పా, నీ పని పోదు గదా?" అని అడిగింది.

"సూద్దాంలేమ్మా," అన్నాడు వాజిద్, బస్సు వస్తుంటే ఆ వైపే చూస్తూ.

పలమనేరు దాటేదాకా ఆయన కిటికీలోంచి తల తిప్పలేదు. ఛీ, ఏం పుట్టింది నాకు అనుకున్నాడు. జీవితంలో ఎవరి సొమ్మూ తినలేదు, ఎవరినీ మాట అనలేదు, ఒక్క నిమిషం భయానికి ఒక ముసలిదాన్ని అడ్డం పెట్టుకున్నాడు. వెనక్కి వచ్చేటప్పుడు పుంగనూరులో దిగుతాను, తప్పు నాదేనని ఆమె ముందే దేవదాసుకు ఫోన్ చేసి చెబుతాను అని నిశ్చయించుకున్నాడు. ఆ నిశ్చయం చేసుకున్నాకే అన్నం గిన్నె తెరిచాడు. రెండు ముద్దలు తిని మూత పెట్టేశాడు. మణెమ్మకు ఫోన్ లేదు. నర్సు వాణికి చేసి ఆమెతో చెప్పించొచ్చు. కానీ ఇలాంటివి మొహం చూసి చెప్పాలి అనుకున్నాడు. మొహం చూసి చెప్పడానికి ఇంకా సాయంత్రం ఉంది కదా అనుకున్నాడు.

కుప్పంలో ఎండ మండుతోంది. గ్రానైట్ లారీల దుమ్ము ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి ఉంది. అక్కడి గుమాస్తా చెంగయ్య కొత్త నెట్ పెట్టెను చూపించి, దీన్ని పెట్టినవాళ్లు తమిళంలో ఏదో చెప్పి వెళ్లిపోయారని, తనకు ముక్క అర్థం కాలేదని అన్నాడు. పెట్టె మారడంతో కుప్పం చిరునామా మారింది. మిగతా రెండు ఊళ్ల కాపలావాళ్లకు పాత చిరునామా ఒక్కటే తెలుసు, కొత్త మనిషిని గడప తొక్కనివ్వడం లేదు. వాజిద్ కొత్త చిరునామా మూడు చోట్లా రాశాడు. ఈసారి గుర్తుపెట్టుకోమని చెప్పడం మరవలేదు. చెప్పాక మళ్లీ చూశాడు, ఇంకోసారి కూడా చూశాడు.

మూడు పచ్చ చుక్కలు. చెంగయ్య ఏమీ అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టాడు. వాజిద్‌కు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఉద్యోగం దక్కింది. ఫోన్లో జబీన్‌ను ఏదైనా ఒక పేరు ఎక్కించమన్నాడు. ఆమె మదనపల్లెలో తన పేరే ఎక్కించింది. రెప్ప వేసేలోగా కుప్పం తెర మీద జబీన్ ప్రత్యక్షమైంది. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. పుంగనూరువాళ్లను కూడా ఒక పేరు ఎక్కించమని చెప్పు, అన్నాడు వాజిద్.

జబీన్ ఇంకా చెప్పనే లేదు, పుంగనూరు నుంచి ఒక పేరు వచ్చి పడింది.

మణెమ్మ. స్త్రీ. వయసు సుమారు అరవై అయిదు. పని, ఆయా. చిరునామా, ఆసుపత్రి క్వార్టర్స్. బంధువులు లేరు. అత్యవసర విభాగం. తెచ్చేసరికే ప్రాణం లేదు.

వాజిద్ చదివి, ఒకసారి నవ్వాడు కూడా. పరీక్షకు ఎక్కించడానికి పాపం ఆవిడ పేరే దొరికిందా వీళ్లకు అనుకున్నాడు. తర్వాత ఆ ఆఖరి ముక్క మళ్లీ చూసి కోపం వచ్చింది. హాస్యానికి కూడా హద్దుండాలని, పుంగనూరుకు ఫోన్ చేసి గట్టిగా చీవాట్లు పెట్టమని జబీన్‌కు చెప్పి పెట్టేశాడు. చెంగయ్య టీ తెచ్చాడు. టీ చేతిలో ఉండగానే జబీన్ మళ్లీ ఫోన్ చేసింది.

"భాయ్," అంది. "అది టెస్టు కాదు."

వాజిద్‌కు ఆ మాట చెవిలో పడింది గానీ లోపలికి పోలేదు. టీ ఒలికి చేతి మీద పడుతున్నా గ్లాసు దింపలేదు. చెంగయ్యే గ్లాసు లాక్కుని, ఏమైందని అడిగాడు. వాజిద్ తెర వైపు వేలు చూపించాడు. పొద్దున నీళ్లిచ్చిన మనిషి. గేటు దాకా వచ్చిన మనిషి. నెల రోజులు నిలకడ లేని రాత పుంగనూరు నుంచి మొట్టమొదటగా దారి తెరుచుకుని వచ్చి ఏం చెప్పింది? ఎన్ని చోట్ల చూసినా అదే ఉంది, మదనపల్లెలో అదే, కుప్పంలో అదే. మూడు ఊళ్లూ కలిసి సాక్ష్యం చెబుతున్నాయి. ఇక కాదనడానికి ఎవరూ మిగల్లేదు.

దేవదాసు సంతోషంగా ఫోన్ చేశాడు. మూడూ కలిశాయట, ఇక నీ ఉద్యోగానికి ఢోకా లేదు, బోర్డుతో నేను మాట్లాడతాను అన్నాడు. పుంగనూరు కబురు ఆయనకింకా అందలేదు.

"సార్, తప్పు నాది," అన్నాడు వాజిద్. "ఆయమ్మది కాదు. ఆపినా పలకాల్సిందే అది. నేనే సరిగా సెయ్యలేదు."

ఇప్పుడెందుకయ్యా అవన్నీ, పని అయిందిగా అన్నాడు దేవదాసు. వాజిద్ అదే మాట మళ్లీ చెప్పాడు. మూడోసారి కూడా చెప్పాడు. ఇంకెవరికి చెప్పాలో తెలియనివాడిలా అవతల ఫోన్ పెట్టేశాక కూడా చెప్పాడు. అప్పుడు చెంగయ్య ఆయన భుజం పట్టుకుని బస్సు దాకా తీసుకెళ్లాడు.

పుంగనూరులో దిగేసరికి పొద్దుగూకింది. ప్రార్థన గంట కొట్టినట్టు లేదు, కొట్టే మనిషి కూడా ఆవిడేనేమో అని ఆయనకు అప్పుడు తోచింది. మణెమ్మను చర్చి వెనక గదిలో పడుకోబెట్టారు. తెల్ల దుప్పటి కప్పారు. ఆవిడ ఎంతమందికి కప్పిందో అలాంటిది. వాజిద్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. చెప్పాలని బస్సులో కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు.

నర్సు వాణి జరిగింది చెప్పింది. ఆవిడకు బీపీ ఎప్పట్నుంచో ఉందట, మాత్రలు వేసుకోమంటే నవ్వి ఊరుకునేదట. వాజిద్ బస్సెక్కాక డ్రెస్సింగ్ గదికి వచ్చి వాణిని ఏదో అడిగి తీసుకుని, సిస్టమ్ రూములోకి వెళ్లింది. తర్వాత వచ్చి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. కునుకు తీస్తోందనుకున్నారు. చాలాసేపటికి పిలిస్తే పలకలేదు.

"పొద్దున్నుంచీ ఒకటే మాట అన్నా," అంది వాణి. "సాయిబప్ప పని పోకూడదు దేవుడా అని."

వాజిద్ కాళ్లు ఎటు తీసుకెళితే అటు నడిచాడు. సిస్టమ్ రూము తలుపు దగ్గరగా వేసి ఉంది, తాళం లేదు. లోపల ఎవరూ లేరు. లైటు వెలుగుతోంది. సర్వర్ సన్నగా గుర్రుమంటూ మిగతా రెండు ఊళ్లతో మాట్లాడుకుంటోంది.

మెయిన్ స్విచ్చి మీద దెబ్బలకు వేసే తెల్ల ప్లాస్టరు అడ్డంగా ఒక పట్టీ, నిలువుగా ఒక పట్టీ, ఎవరి చెయ్యీ పొరపాటున పడకుండా, కొసలు గోడకు బొటనవేలితో గట్టిగా అదిమి అంటించి ఉంది.